ఆఖరి బంతి ఎవరికి అందించాలి

ముప్పై ఐదేళ్లకే రిటైరయ్యానంటే మా షాపుకు వచ్చే రైతులు నవ్వుతారు. "ఏం ఉద్యోగమప్పా అది, మీసం నెరవకముందే పంపించేసేది?" అని ఒకాయన అడిగాడు. వాలీబాల్ అని చెప్పాను. ఆయన ఇంకా గట్టిగా నవ్వి, చీనీ (బత్తాయి) తోటకు కావలసిన డ్రిప్పు పైపు కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు.

కానీ అది ఉద్యోగమే. మా కడప జిల్లాలో తిరునాళ్లకూ ఉరుసుకూ క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ ఏదో ఒక ఊళ్లో టోర్నమెంటు ఉంటుంది. ఊరి పేరుతో జట్టు దిగుతుంది గానీ జట్టులో అందరూ ఆ ఊరివాళ్లు కారు. బాగా ఆడేవాళ్లను బయటినుంచి పిలిపిస్తారు. అన్నం పెడతారు, దారి ఖర్చులిస్తారు, గెలిస్తే ఇంకొంత ఇస్తారు. అలా పిలిపించుకునేవాళ్లలో నేనొకణ్ణి. ప్రొద్దుటూరులో డిప్లొమా మెకానికల్ చదివి, మామూలు రోజుల్లో మోటార్లు బాగుచేస్తూ, పండగ రోజుల్లో ఊరూరా ఆడాను. ఒక ఏడు ఒక ఊరిని గెలిపించిన నేనే, మరుసటి ఏడు దాని మీద ఆడేవాణ్ణి. ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కుడిచేతి రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం మానేశాక ఆట మానేసి, పులివెందులలో పంపుల షాపు పెట్టుకున్నాను.

ఇప్పుడు కుర్రాళ్లు షాపు దగ్గరికి వచ్చి, "అన్నా, మేము గూడా టోర్నమెంట్లకు పోదామనుకుంటాండాము" అంటారు. ఏ బూట్లు కొనాలి, ఎవరికి ఫోన్ చేయాలి అని అడుగుతారు. రెండింటికీ చెప్తాను. గెలుపు వెంట పడితే మనిషికి మంచి జరుగుతుందా, చెడు జరుగుతుందా అని మాత్రం ఎవరూ అడగరు. అడక్కపోయినా రాస్తున్నాను.

రెండో మనిషి పని

ఆట తెలియనివారికి ఒక్క మాట. బంతి మన వైపుకు వచ్చాక మూడు తాకుళ్లలో అవతలికి పంపాలి. మొదటివాడు దాన్ని కింద పడనివ్వకుండా లేపుతాడు. రెండోవాడు దాన్ని వల పక్కన గాలిలో నిలబెడతాడు. మూడోవాడు ఎగిరి కొడతాడు. చప్పట్లు మూడోవాడికి. ఆ రెండోవాణ్ణి లిఫ్టర్ అంటారు. నేను లిఫ్టర్‌ని.

లిఫ్టర్ చూసుకోవలసినవి కొన్ని ఉంటాయి. వస్తున్న బంతి వేగం. మన కొట్టేవాళ్లు ఎక్కడున్నారు. అవతల అడ్డుకునేవాళ్లు ఎవరి ముందుకు జరిగారు. గాలి. మా వైపు మైదానాలకు గోడలుండవు కాబట్టి గాలిని చిన్న విషయం అనుకోకూడదు. ముద్దనూరు పక్క ఆడేటప్పుడు నేను పవర్‌ప్లాంటు పొగ ఎటు వంగుతుందో చూసి బంతి అందించేవాణ్ణి. అయిదోది చాలా ఏళ్లకు గానీ నా లెక్కలోకి రాలేదు. ఆ బంతి ఎవరికి ఎంతగా కావాలో చూడటం.

మంచి లిఫ్ట్‌కు శబ్దం ఉండదు. అరచెయ్యి తగిలితే చప్పుడవుతుంది, రిఫరీ విజిల్ వేస్తాడు. వేళ్ల కొసలతో తీసుకుని వదలాలి, నిద్రపోయిన పసిబిడ్డను ఒడిలోంచి పక్కమీదికి మార్చినట్టు. బంతి వేళ్లలోంచి లేచి ఇంకా ఎవరి చేతికీ చేరని ఆ కాస్తసేపు నాకు ఏ శబ్దమూ వినబడేది కాదు. జనం అరుస్తూనే ఉండేవారట. నాకు మాత్రం ఆకాశం, దాని మధ్యలో తెల్లటి బంతి, అది ఎవరిదీ కాకపోవడం. ఇప్పటికీ కలలో వస్తుంది. కలలో అది కిందికి దిగదు.

మద్దిలేటి మామ

నాకు పై అధికారి అంటూ ఉంటే ఆయన మద్దిలేటి మామే. జమ్మలమడుగులో టైర్ల షాపు. ఏ ఊరు అడిగితే ఆ ఊరికి జట్టు కట్టి తీసుకుపోవడం ఆయన వ్యసనం. ఫోనెత్తగానే "యాడుండావురా?" అనేవాడు. ఎలా ఉన్నావని ఎప్పుడూ అడగలేదు.

ఆయన దగ్గర నేర్చుకోదగ్గవి ఉన్నాయి. ఆటకు ముందు జట్టు తినకుండా తాను ముద్ద నోట పెట్టేవాడు కాదు. తాగొచ్చినవాణ్ణి ఎంత గొప్ప ఆటగాడైనా దింపేసేవాడు. కులం, మతం చూసి జట్టు కట్టలేదు. నేను చర్చికి పోయే ఇంటివాణ్ణి, మా జట్టులో బంతి కొట్టే సుభాన్ నమాజు చేసే ఇంటివాడు, మామ అహోబిలం మొక్కులవాడు. ఆయన జీపులో అందరికీ ఒకటే ఇరుకు.

అయితే ఓటమిని ఏం చేసుకోవాలో ఆయనకు తెలియదు. ఓడిన పూట దారిలో ఎక్కడా టీకి ఆపేవాడు కాదు. గెలిచిన పూట ఆపేవాడు గానీ గ్లాసు చేతిలో పట్టుకుని వచ్చే వారం ఆట గురించే మాట్లాడేవాడు. టీ చల్లారిపోయేది. అన్నేళ్లలో ఆయన గెలిచిన కప్పును తీరిగ్గా చూసుకోవడం నేను చూడలేదు.

ఒక్కసారి మాత్రం తీరిగ్గా కూర్చున్నాడు. ఒక గెలుపు తర్వాత మబ్బులు కదులుతున్న మధ్యాహ్నం గండికోటకు పోయాం. లోయ అంచున కూర్చున్నాం. కింద పెన్నా కదులుతున్నట్టే లేదు. ఎర్రటి రాతి పొరల మీద మబ్బు నీడలు జారుతున్నాయి.

"ఈ దరి నుంచి ఆ దరికి వల కడితే ఎట్లుంటాదిరా?" అన్నాడు మామ.

"బాలు కిందికి పడేలోపల రెండు చాయ్‌లు తాగొచ్చు మామా," అన్నాడు సుభాన్.

"వీడు కొడితే పడదులే, ఆడ్నే నిలబడతాది," అన్నాను.

మామ నవ్వాడు. ఆ నవ్వులో తొందర లేదు. అయిదు నిమిషాల తర్వాత లేచి, "పాండి, పాండి, ఆదివారం వేంపల్లెలో ఉండాది" అన్నాడు.

సుభాన్ మోకాలు

సుభాన్‌ది ప్రొద్దుటూరు. నన్నూ మామా అనే పిలిచేవాడు. వాళ్ల నాన్నకు ఇనుప బీరువాలు చేసే షెడ్డు ఉండేది, అందులో వెల్డింగ్ నేర్చుకున్నాడు. బంతి కొట్టడం ఎవరూ నేర్పలేదు. పైకి పోయేవాడు, అక్కడ కాస్త ఆగేవాడు, దిగాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టు దిగేవాడు. అతనికి బంతి అందించడం నా జీవితంలో సులువైన పని. కొంచెం తప్పుగా అందించినా అతను సరిచేసుకునేవాడు. మంచి ఆటగాడి పక్కన మన తప్పులు మనకే కనబడవు. ఇది కూడా కుర్రాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

ఒక శీతాకాలం అతను దిగినప్పుడల్లా కుడి మోకాలి నుంచి చిన్న శబ్దం రావడం విన్నాను. నేను మోటార్లు విప్పేవాణ్ణి. అరిగిన బేరింగు ఎలా పలుకుతుందో తెలుసు.

"సుభానూ, ఆ కాలు చూపించుకో. లోపల అరుగుతాంది."

"అది మోకాలు మామా, మోటారు గాదు. ఏం, గ్రీజు పెడతావా?"

నవ్వాడు గానీ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు.

అప్పటికే అతనికి కువైట్‌లో ఒక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. అంతకుముందు రెండుసార్లు అలాంటి పిలుపులు చివరిలో చెడిపోయాయి. ఈసారి మద్రాసులో డాక్టరు పరీక్ష, తర్వాత పని పరీక్ష. నిచ్చెన ఎక్కించి, పైన వంగి కూర్చోబెట్టి వెల్డింగ్ చేయించి చూస్తారు. కుంటుతూ పోతే అక్కడినుంచే వెనక్కు పంపుతారు. ఆ పరీక్ష కొత్త సంవత్సరం దాటిన వారంలో ఉంది. కొత్త సంవత్సరం నాడు మాకు టోర్నమెంటు ఉంది.

"ఈ ఒక్కటీ ఇడ్చిపెట్టప్పా," అన్నాను.

"ఇదే ఆఖరుది గదా మామా. పోయినాక ఈడ నన్నెవురు పిలుస్తారు?"

కాలు చెడిపోతే కువైట్ పోతుంది. ఆడకపోతే ఇంత కాలం తాను ఎవరో అది పోతుంది. రెండూ అతనివే.

ఆ సాయంత్రం

టోర్నమెంటు ముద్దనూరుకూ జమ్మలమడుగుకూ మధ్య ఒక ఊళ్లో. పేరు రాయను. చర్చి పక్కన మైదానం, చుట్టూ నల్లరేగడి చేలు, మంచుకు తడిసిన శనగ వాసన. మమ్మల్ని పిలిపించింది తుమ్మలపల్లె దగ్గరి ఊరు. ఆ టోర్నమెంటులో ఒక నియమం ఉంది. ఆరుగురిలో ఇద్దరైనా సొంతూరివాళ్లు ఉండాలి. అలా మా జట్టులోకి యేసురత్నం వచ్చాడు. అక్కడి యురేనియం గనిలో పని. పొడుగు మనిషి, సన్నటి చేతులు. వలకు కుడి పక్కన నిలబెట్టారు. తన వైపుకు బంతి రాకపోతే బాగుండునని దేవుణ్ణి వేడుకుంటున్నట్టు ఉండేవాడు.

"అన్నా, నాకు వెయ్యొద్దు. నేను ఊరికే ఎత్తుకు నిలబడినా," అని ముందే చెప్పాడు.

సెమీఫైనల్ అయ్యేసరికి సుభాన్ మోకాలు వాచింది. కూల్‌డ్రింకుల బండి నుంచి ఐసు తెచ్చి తువ్వాలుతో కట్టాం. నేను మామను పక్కకు తీసుకుపోయాను.

"వాణ్ణి కూర్చోబెట్టు మామా. వచ్చేవారం పరీక్షుండాది."

"కూర్చోబెడితే కొట్టేదెవురు? నువ్వా? వాణ్ణే అడుగుదాం పా."

అడిగాడు. సుభాన్ నా వైపు చూస్తూనే మామకు చెప్పాడు: "నా కాలు, నా ఇష్టం."

ఫైనల్ మూడో సెట్టు దాకా వచ్చింది. అవతల జమ్మలమడుగు జట్టు. సూర్యుడు కొండల మీదికి వాలాడు. ఆ వెలుగులో దుమ్ము కూడా బంగారం రంగులో లేస్తోంది. మేం ఒక పాయింటు వెనకబడి ఉన్నాం. ఇది పోతే ఆట పోయినట్టే.

వాళ్ల సర్వీసును మావాడు చక్కగా లేపాడు. బంతి మెల్లగా, ఎత్తుగా నా మీదికి వస్తోంది. శబ్దాలన్నీ ఆగిపోయాయి.

ఎడమ పక్క సుభాన్ పరుగు మొదలుపెట్టాడు. ఎగరడానికి వంగుతున్న ఆ మోకాలు తువ్వాలులోంచి ఉబ్బి కనబడింది. అవతల అడ్డుకునే ముగ్గురూ అతని ముందుకు పరుగెత్తారు. కుడి పక్క నా వెనక యేసురత్నం ఒంటరిగా ఉన్నాడు, అతని ముందు ఎవరూ లేరు. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు మాత్రం వినబడింది.

"నాకెయ్ మామా!"

నేను బంతిని తల మీదుగా వెనక్కి అందించాను, యేసురత్నానికి.

అతను ఎగిరాడు. అంత పొడుగు మనిషి అంత పైకి పోగలడని నాకే కాదు, అతనికీ తెలియదు. గట్టిగా కొట్టాడు. బంతి ఎవరికీ అందకుండా పోయి, గీతకు జానెడు బయట పడింది.

విజిల్.

మద్దిలేటి మామ తువ్వాలు నేలకు కొట్టాడు. "ఎవునికేసినావురా! గెలిచే ఆటను తీసి ఎవుని చేతిలో పెట్టినావు!"

సుభాన్ అరవలేదు. నా దగ్గరికి నడిచి వచ్చాడు.

"మోకాలు నాది. బాలు అడిగింది నేను. నడమ నువ్వెవురు, డాక్టరువా?"

"ముగ్గురూ నీ ముందరే ఉండారు గదా."

"ముగ్గురి మీద నేనెప్పుడూ కొట్టలేదా?"

"శానాసార్లు కొట్టినావు."

"మరి?"

ఆటపరంగా చూస్తే నేను చేసింది సరైనదే. అడ్డం లేనివాడికే ఇవ్వాలి. కానీ ఆ నిర్ణయం అందువల్ల తీసుకున్నానా, ఆ మోకాలు చూసి తీసుకున్నానా? ఒక్కో భాగం విప్పి ఎక్కడ లోపముందో చూడటం నా వృత్తి. ఈ ఒక్కదాన్ని ఎన్నిసార్లు విప్పినా ఏది ముందు వచ్చిందో నాకు తేలలేదు.

యేసురత్నం అక్కడే నిలబడి తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. క్షమాపణ చెప్తాడనుకున్నాను. ముఖం వెలిగిపోతోంది.

"అన్నా, చూస్తివా? అవతలోళ్ల నెత్తి గూడా కనపడిందన్నా నాకు. పైనుంచి!"

సమానం

ఆ ఊళ్లో ఇంకో ఆచారం ఉంది. కప్పు వెంటనే ఇవ్వరు. ఫైనల్ ఆడిన రెండు జట్లనూ కలిపేసి, చీటీలు తీసి, మళ్లీ రెండుగా పంచి, ఒక ఆట ఆడిస్తారు. అందులో పాయింట్ల లెక్క ఉండదు. దాన్ని మొదలుపెట్టింది అక్కడి రిటైరైన డ్రిల్లు మాస్టారు ఆనందరావు సార్. ఫైనల్‌కు రిఫరీ కూడా ఆయనే. "కొట్లాడుకుని ఇండ్లకు పోగూడదు. ఒకే పక్క నిలబడి చెమట తుడుచుకుని పోవాల" అనేవాడు.

సుభాన్ రానన్నాడు. వల కట్టిన స్తంభానికి ఆనుకుని, కాలు చాపుకుని, ఐసు పెట్టుకుని కూర్చున్నాడు. మేం దిగాం.

నిజం చెప్పాలి. మొదట ఆట చప్పగా ఉంది. బంతి పక్కన పడుతుంటే ఎవరూ దూకడం లేదు. "నువ్వే తీసుకోప్పా", "పర్లేదులే" అంటూ మర్యాదలు చేసుకుంటున్నాం. ఉప్పు లేని చారు. గెలుపు లేకపోతే ఆట స్వచ్ఛంగా ఉంటుందని అనేవాళ్లు ఆ పది నిమిషాలు చూసి ఉండాల్సింది.

ఉన్నట్టుండి సార్ కుర్చీలోంచి, "ఒకటి, సున్నా!" అని అరిచాడు.

"లెక్క ఉండదంటిరి గదా సార్?"

"లెక్క లేకుంటే మీరు ఎగరరు. లెక్కుంటే దిగరు. నన్నేం చేయమంటార్రా?"

ఆ తర్వాత మేం మారిపోయాం. దూకాం, పొర్లాం, అరిచాం. యేసురత్నం అటువైపు చేరి బంతి అడుగుతున్నాడు, గొంతెత్తి. కాసేపటికి మాకో అనుమానం వచ్చింది. మేం ముందుకు పోగానే సార్ రెండు పాయింట్లు అవతలివాళ్లకు వేస్తున్నాడు. వాళ్లు ముందుకు పోగానే మాకు వేస్తున్నాడు. ఎవరో గోల చేశారు. సార్ విననట్టే, "సమానం!" అన్నాడు. ఎప్పుడు చూసినా సమానమే. మోసమని అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఎగరడం తగ్గించలేదు.

సుభాన్ కూర్చున్నచోటే గొణగడం మొదలుపెట్టాడు. "అట్ల గాదప్పా, చెయ్యి ముందరికి." తర్వాత అరవడం. తర్వాత చూస్తే లోపల ఉన్నాడు, అటువైపు వెనక వరసలో, ఒంటికాలి మీద బరువు వేసి, ఎగరకుండా. కింది నుంచి బంతులు లేపుతున్నాడు. మామ మాత్రం జీపులో కూర్చున్నాడు, అద్దం ఎత్తుకుని.

వెలుగు తగ్గిపోయింది. ముందు వల కనబడకుండా పోయింది, తర్వాత గీతలు, తర్వాత ముఖాలు. బంతి మాత్రం ఇంకా కొంచెం తెల్లగా, దానంతట అదే అటూ ఇటూ పోతున్నట్టు ఉంది. ఎవరి చేతుల్లోంచి వచ్చిందో ఎవరికి పోతుందో తెలియడం లేదు. సార్ గొంతు ఎక్కడినుంచో వినబడుతోంది, సమానం, సమానం అంటూ. నేను ఆడిన ఆటలన్నిటిలో ఏది బాగా ఆడానని అడిగితే అదే చెప్తాను. దాని ఫలితం ఏమిటో నాకు తెలియదు.

నాకు అర్థమైనంత

కుర్రాళ్లకు నా మాట ఇది. గెలవాలనుకోండి. గట్టిగా అనుకోండి. అది లేకపోతే యేసురత్నం తన ఎత్తు ఎంతో తెలుసుకోకుండానే గనిలో పనిచేసుకుంటూ ఉండేవాడు. ఇప్పటికీ వాళ్ల ఊళ్లో అతన్ని "ఫైనలు పోగొట్టినోడు" అని పిలుస్తారు. "ఔను, మీరు ఫైనలు దాకా గూడా పోలేదు గదప్పా" అంటాడు.

కానీ జట్టులో చేరే ముందు ఒకటి గమనించండి. అక్కడ ఎవడైనా "నాకు నొప్పిగా ఉండాది" అంటే మిగిలినవాళ్లు ఏం చేస్తారు? ఓడిన పూట జీపు టీకి ఆగుతుందా? ఆగని జీపు ఎక్కకండి. నేను చాలా ఏళ్లు ఎక్కాను. మద్దిలేటి మామ మీద నాకు కోపం లేదు. ఆయన చల్లార్చేసిన టీలన్నీ తలచుకుంటే జాలి మాత్రం ఉంది.

ఇక ఆఖరి బంతి సంగతి. అడిగినవాడికి ఇవ్వాలా, ఇవ్వకూడదా? నేను రాస్తూ రాస్తూ తేల్చుకుందామనుకున్నాను. తేలలేదు.

సుభాన్ ఆ వారం కుంటకుండా మద్రాసు పోయాడు. నిచ్చెన ఎక్కాడు. కువైట్ చేరాక చాలా నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక శుక్రవారం ఫోన్ చేశాడు, ఏమీ జరగనట్టు. అప్పటినుంచి సెలవు రోజు చేస్తుంటాడు. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఆ మాట తెస్తాడు.

"ఆ బాలు నాకేసుంటే గెలిచేటోళ్లం."

"గెలిచేటోళ్లమే," అంటాను. అది నిజమే కాబట్టి.

మొన్న శుక్రవారం షాపులో ఎవరూ లేని వేళ ఫోన్ చేశాడు. వాళ్ల క్యాంపు వెనక ఇసుకలో వల కట్టుకున్నారట. "నేనిప్పుడు ఎగరను మామా. నేనే లిఫ్టర్‌ని" అన్నాడు. నాకు నవ్వొచ్చింది.

"ఎవురికేస్తాండావు బాలు?"

"ఒగ మలబారోడుండాడు, కేరళ మనిషి. నాలాగే కొడతాడు. భుజం చెడిపోయింది వానికి, పట్టీ కట్టుకుని వస్తాడు. నాకెయ్, నాకెయ్ అని చంపుతాంటాడు."

"మరి వేస్తాండావా?"

వెనక ఎవరో పిలిచారు. "పిలుస్తాండారు మామా, ఉంటా," అని ఫోన్ కింద పెట్టాడు. ఆపడం మరిచిపోయాడు. నేనూ ఆపలేదు.

గాలి వినబడింది. ఇసుకలో అడుగులు. విజిల్. ఎవరో సర్వీసు కొట్టిన చప్పుడు, ఇటువైపు మరెవరో దాన్ని లేపిన చప్పుడు. వెంటనే ఒక గొంతు, నాకు తెలియని భాషలో, గట్టిగా అరిచింది. ఆ భాష రాకపోయినా ఏమంటున్నాడో నాకు తెలుసు.

ఆ తర్వాత రావలసింది లిఫ్ట్. అరచెయ్యి తగిలితే చప్పుడవుతుంది. చెవి దగ్గరగా పెట్టి విన్నాను.

శబ్దం రాలేదు.